సాయమెందుకు, పోలికుండగా!

మనిషికి కష్టమొస్తే సాయం చేయడం శుద్ధ మోటు పద్ధతి. నాగరికులు చేయవలసింది పోల్చడం!

నమ్మరా? నిదానంగా ఆలోచించండి. ఒకరికి సాయం చేస్తే పక్కింటివాడికి కడుపుమంట. ఇద్దరికి చేస్తే మూడోవాడు ధర్నా. చేసినకొద్దీ ఇంకా కావాలంటారు, మానేస్తే తిడతారు. పోలిక అలాంటిది కాదు. ఎందరికి పంచినా తరగదు. కిందపడ్డవాడి దగ్గరికి వెళ్ళి, "నాయనా, నీలాగే పడ్డవాణ్ణి ఇతర దేశాల్లో ఎలా లేపుతారో తెలుసా?" అని విడమరచి చెప్పి చూడండి. వాడి నొప్పి తగ్గదు, ఒప్పుకుంటాను. కానీ విజ్ఞానం పెరుగుతుందా లేదా?

పైగా ఈ రోజుల్లో సాయం చేద్దామన్నా ఎవరికని చేస్తారు? కుటుంబాలు పూర్వంలా ఉంటేగా! ఒకప్పుడు కుటుంబమంటే గ్రూప్ ఫోటో. మధ్యన కుర్చీల్లో పెద్దాయన, పెద్దావిడ. వెనక కొడుకులూ కోడళ్ళూ. ముందు చతికిలబడిన పిల్లలు. ఇప్పుడు ఎవరి పక్కన ఎవరు నిలబడాలో చెప్పడానికి ఫోటోగ్రాఫరే జంకుతున్నాడు. తండ్రి ఒక్కడే పెంచుతున్న పిల్లలు, మేనత్త పెంచుతున్న పిల్లలు, పెళ్ళి మాట ఎత్తకుండానే తలలు నెరిసిన జంటలు, ఏ చుట్టరికమూ లేకుండా ఒకే పొయ్యి మీద వండుకు తినే స్నేహితురాళ్ళు! ఇన్ని రకాల జనానికి సాయం చేస్తూ కూర్చుంటే ప్రభుత్వం ఇక పరిపాలన ఎప్పుడు చేస్తుంది?

ఈ ధర్మసూక్ష్మం గ్రహించే మా ప్రభుత్వం పోలికల విభాగం అని ఒకటి పెట్టింది. మారుతున్న కుటుంబాలకు ఏ దేశం ఏం చేస్తోందో కనుక్కుని, చార్టులు వేసి, గోడకు తగిలించడం దాని పని. మూడో అంతస్తులో చివరి గది. మూయబోతే మూతపడని కిటికీ, తెరవబోతే తెరుచుకోని బీరువా. గోడకి చెమ్మ పట్టిన చోటల్లా చార్టులున్నాయి. చార్టులు పెరుగుతున్నాయంటే విజ్ఞానం పెరుగుతోందో, చెమ్మ పెరుగుతోందో చెప్పడం కష్టం.

ఆ విభాగం డైరెక్టరుగారు మహా నిష్పక్షపాతి. చార్టులో దేశాల పేర్లు రాయనివ్వరు. పేరు రాస్తే, "వాళ్ళతో మనకు పడదు కదండీ" అని చార్టులు చూసే పెద్ద కమిటీలో ఒక సభ్యుడంటాడు. "మా పెద్దల్లుడు ఉండేది అక్కడే" అని ఇంకొకరు మురిసిపోతారు. అందుకని అన్నీ అక్షరాలే. క దేశం, గ దేశం, చ దేశం. చదివేవాళ్ళకు రాగద్వేషాలు ఉండవు.

ఆ చార్టుల్లో ఎన్ని వింతలున్నాయో! క దేశంలో బిడ్డ పుడితే తండ్రిని బలవంతంగా ఇంట్లో కూర్చోబెడతారట. దొంగచాటుగా ఆఫీసుకు వచ్చాడా, సెక్యూరిటీవాడు రెక్క పట్టుకుని తీసుకెళ్ళి ఉయ్యాల దగ్గర దింపి వస్తాడట. గ దేశంలో మనవల్ని చూసుకునే అమ్మమ్మలకు జీతం, సెలవులు, ప్రమోషన్లు. నాయనమ్మలకు ఇంక్రిమెంటు ఆలస్యమైందని ఒకసారి సమ్మె కూడా జరిగిందట. చ దేశంలో దంపతులు విడిపోతే పక్కపక్క వాటాలిచ్చి, పిల్లలు తిరగడానికి నడిమి గోడకు చిన్న తలుపు పెట్టిస్తారట. ట దేశం ఎవరికీ ఏమీ ఇవ్వదు. ఏడాదికోసారి మాతృమూర్తి గొప్పతనం గురించి ఉపన్యాసం ఇప్పిస్తుంది. మా డైరెక్టరుగారికి ట దేశమంటే ప్రాణం.

ఈ చార్టులన్నీ వేసేది మా ఎదురింటి కోడలు. ఆవిడ గుమ్మానికీ మా గుమ్మానికీ మధ్య నాలుగడుగుల వరండా. అందువల్ల వాళ్ళింట్లో విషయాలు నేను ప్రత్యేకంగా వినక్కర్లేదు, వాటంతటవే వస్తాయి.

ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే, అత్తగారూ కోడలూ. మధ్యలో ఉండాల్సిన సుపుత్రుడు లేడు. ఇంకొకావిడతో వేరే ఊళ్ళో కాపురం పెట్టాడు. విడాకులైన వారానికి తల్లిని తీసుకెళ్దామని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అత్తగారు కూర తరుగుతున్నారు.

"అమ్మా, బట్టలు సర్దుకో. పోదాం."

"ఎక్కడికిరా?"

"నాతోనే. ఇంకెక్కడికి?"

"నీతో వేగలేకే కదరా ఈ పిల్ల నీకో దండం పెట్టేసింది! దానికంటే నాకేదో ఓపిక ఎక్కువున్నట్టు చెప్తావేం?" అని ఆవిడ మళ్ళీ తరగడంలో పడ్డారు. అప్పట్నుంచీ అక్కడే ఉన్నారు.

వాళ్ళిద్దరూ పోట్లాడుకోరనుకునేరు! కూరలో ఉప్పు దగ్గర, ఫ్యాన్ స్పీడు దగ్గర, సీరియలా వార్తలా అన్న దగ్గర రోజూ యుద్ధమే. అయితే కోడలికి ఆఫీసులో ఆలస్యమైతే అత్తగారు తినకుండా గుమ్మంలో కూర్చుంటారు. అత్తగారికి దగ్గొస్తే కోడలు ఆవిణ్ణి తిడుతూనే మందు పట్టిస్తుంది. విడాకులైన కోడల్ని ఏమనాలో తెలియక బిల్డింగ్ సెక్రటరీ నోటీసులో ఒకసారి 'మాజీ కోడలు' అని రాశాడు. అత్తగారు మెట్లు దిగి వెళ్ళి మరీ దులిపేశారు. "మాజీ అయింది మా వాడయ్యా. ఇది కాదు. ముందు నోటీసు దిద్దు!"

ఇలాంటి కుటుంబం ఏ చార్టులో ఇముడుతుంది, మీరే చెప్పండి.

ఇలా ఉండగా అత్తగారు బాత్రూములో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేశారు. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ కోడలు తనకున్న సెలవులన్నీ ఊడ్చిపెట్టింది. ఇంటికి పంపే ముందు డాక్టరు గట్టిగా చెప్పాడు. "ఇంకొన్ని వారాలు పక్కన మనిషి ఉండి తీరాలి. లేపాలి, పట్టుకు నడిపించాలి. ఒంటరిగా లేవబోయి మళ్ళీ పడ్డారా, ఇక నడవడమనేది మర్చిపోండి."

మనిషిని పెట్టుకోవచ్చుగా అంటారేమో. ఏజెన్సీవాళ్ళు ఆసుపత్రికే ఒకామెను పంపారు. ఆమె అత్తగారిని ఆపాదమస్తకం చూసి, తన నడుం మీద చెయ్యి వేసుకుని, వచ్చిన ఆటోలోనే వెనక్కి వెళ్ళిపోయింది. మళ్ళీ మనిషి దొరికేదాకా ఆగమన్నారు.

కోడలు డైరెక్టరుగారి దగ్గరికి వెళ్ళి సెలవడిగింది.

"ఆవిడ మీకేమవుతుందమ్మా?"

"అత్తగారండి."

"అంటే మీవారి తల్లి. మరి మీవారు?"

"లేరండి."

"అయ్యయ్యో! ఎప్పుడు పోయారు?"

"పోలేదండి. విడాకులు తీసుకున్నాం."

డైరెక్టరుగారు నిజంగానే బాధపడ్డారు. "ప్చ్! పోయుంటే ఏ ఇబ్బందీ లేదమ్మా. భర్త పోయిన కోడలికి అత్తగారి నిమిత్తం సెలవుంది. విడాకులైతే అత్తగారు రద్దవుతారు."

మనిషి బతికుండటం వల్ల ఎన్ని చిక్కులొస్తాయో చూశారా!

రూల్సంటే బొత్తిగా దయ లేనివని అపార్థం చేసుకోకండి. సుపుత్రుడికి అతని ఆఫీసులో తల్లి సంరక్షణ సెలవు అడిగిన రోజే ఇచ్చేశారు. రక్తసంబంధం కదా! అతను ఆసుపత్రికి వచ్చాడు. బత్తాయిలు మంచం మీద పెట్టి, తల్లి పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నాడు. దాన్ని ఆఫీసుకు పంపి, మిగిలిన సెలవంతా కొత్త భార్యతో కొండల్లో చల్లగా గడిపి వచ్చాడు. అంత చలిలోనూ తల్లిని తలుచుకునే ఉంటాడు. తలుచుకోవడం కూడా సంరక్షణే కాబోలు.

కోడలు సెలవడిగిన వారంలోనే పెద్ద కమిటీ సమావేశం జరిగింది. ఆవిడ ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చి, గోడకున్న చార్టు ముందు నిలబడి దేశాలన్నీ ఒక్కొక్కటే వివరించింది. అధ్యక్షులవారు కునుకుతీస్తున్నారు. ప దేశం దగ్గరికి వచ్చేసరికి ఆయన ఒక కన్ను తెరిచారు.

"ఏమిటేమిటీ? మళ్ళీ చెప్పమ్మా."

"ప దేశం చట్టం ప్రకారం ఒకే ఇంట్లో ఉంటూ, ఒకరి బాగోగులు ఒకరు చూసుకునేవాళ్ళంతా కుటుంబమేనండి. పెళ్ళి, రక్తసంబంధం రుజువు చూపించక్కర్లేదు. వాళ్ళలో ఒకరు మంచానపడితే రెండోవాళ్ళకి జీతంతో సెలవు."

అధ్యక్షులవారు రెండో కన్ను కూడా తెరిచారు. "భేష్! దేశమంటే అదీ! మనవాళ్ళకి ఇలాంటి బుద్ధి ఎప్పుడొస్తుందో!"

ఆర్థిక సలహాదారు తల ఊపాడు. "సంస్కారం ఉన్న జాతండీ. మనకింకా వందేళ్ళు పడుతుంది."

"ఒకసారి వెళ్ళి కళ్ళారా చూసి వస్తే బాగుంటుంది" అన్నది ఒక సభ్యురాలు. "ఈ నెలల్లో అక్కడ చలెలా ఉంటుందమ్మా? స్వెట్టర్లు అవీ పట్టుకెళ్ళాలా?"

కోడలు కిటికీ వైపు చూసింది. "అక్కర్లేదండి. ఇక్కడ ఎలా ఉంటే అక్కడా అలాగే ఉంటుంది."

"ఎలా చెప్పగలవు?"

"ప దేశమంటే మనదేనండి."

ఆ చట్టం మనకు ఎప్పుడో వచ్చిందనీ, అలాంటి చట్టాలున్న దేశాలన్నీ చార్టులో వేయమన్నారు గనక ఒక అక్షరమిచ్చి దాన్నీ వేశాననీ, చూడగానే పోల్చుకుంటారనుకున్నాననీ కోడలు చెప్పింది. ఆ చట్టం చేసిన రోజున సభలో చేతులెత్తినవాళ్ళు ఇద్దరు ఆ బల్ల దగ్గరే ఉన్నారు. వాళ్ళు నీళ్ళ గ్లాసులు అందుకున్నారు.

అధ్యక్షులవారే ముందు తేరుకున్నారు. "మనదా? ముందే చెప్పాలి కదమ్మా! అయితే ఇది ఆచరణలో కుదిరే పని కాదు."

"అసలు కుదరదు" అన్నాడు ఆర్థిక సలహాదారు. "మన జనం సంగతి తెలీదా! సెలవొస్తుందంటే ఇంటికొకరు తుంటి విరగ్గొట్టుకుని కూర్చుంటారు."

"మన కుటుంబ వ్యవస్థ చాలా గట్టిదండీ. ఇవన్నీ మనకెందుకు?" అన్నది స్వెట్టర్ల సభ్యురాలు, కాస్త నిరాశగానే.

చార్టులోంచి ఆ గడి కొట్టేయమని తీర్మానం చేశారు. ఎవరి దేశాన్ని వాళ్ళే పోల్చుకోవడం సభ్యత కాదు కదా! ఆ మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను.

అందరూ లేచి వెళ్ళాక కోడలు డైరెక్టరుగారిని పట్టుకుంది. "సార్, చట్టం ఉందిగా. దాని కిందే నాకు సెలవు ఇప్పించండి."

"చట్టం ఉంది తల్లీ. అమలు చేసే నియమాలు రాయలేదు."

"ఎప్పుడు రాస్తారు సార్?"

"ఇతర దేశాల నియమాలతో పోల్చి చూసుకున్నాక."

"ఎవరు పోల్చాలి?"

"మీరేగా!"

ఇంత చక్కటి ఏర్పాటు ఏ దేశంలో ఉంది చెప్పండి! అడిగేదీ ఆవిడే, ఆలస్యం చేసేదీ ఆవిడే. ప్రభుత్వాన్ని ఎవరూ మాట అనడానికి లేదు.

అయితే డైరెక్టరుగారు దయగల మనిషని ముందే మనవి చేయాల్సింది. కోడలి కళ్ళల్లో నీళ్ళు చూసి ఆయన ఒక ఉపాయం ఆలోచించారు.

"సెలవివ్వడం నా చేతుల్లో లేదు. డ్యూటీ వేయడం ఉంది. 'సాయం అందని కుటుంబాలు ఎలా నెట్టుకొస్తాయి' అని ఒక పరిశీలన మొదలుపెడదాం. మీ అత్తగారే పరిశీలనాంశం. మీరు పరిశీలకులు. ఆఫీసుకు రావద్దు. ఇంట్లో ఉండి ఆవిణ్ణే చూస్తూ, రోజూ నివేదిక పంపండి."

కోడలు ఆయనకు చేతులెత్తి దండం పెట్టబోయింది.

"ఒకటే షరతు. ఆవిణ్ణి ముట్టుకోకూడదు. మీరు సాయం చేశారంటే ఇక అది సాయం అందిన కుటుంబమైపోతుంది. పరిశీలన చెడుతుంది. పైవాళ్ళకు తెలిస్తే మీ ఉద్యోగానికే ఎసరు."

మర్నాడు అత్తగారిని ఇంటికి తెచ్చారు. కోడలు మంచం పక్కన కుర్చీ వేసుకుని పరిశీలించడం మొదలుపెట్టింది. పరిశీలనాంశం పరిశీలకురాలి వైపు కాసేపు చూసింది.

"ఏమే, అలా బొమ్మలా కూర్చున్నావు? లేపు నన్ను."

"లేపకూడదు అత్తయ్యా. నేను డ్యూటీలో ఉన్నాను. నిన్ను చూస్తూ ఉండాలంతే."

"చూస్తే నడుస్తుందా ఈ కాలు? చూసింది చాల్లే. ముందు బాత్రూముకి తీసుకెళ్ళు, తర్వాత తీరిగ్గా కూర్చుని రాసుకో."

తీసుకెళ్ళక ఏం చేస్తుంది? చంకల కింద చేతులు వేసి లేపింది, నడుం పట్టుకుని నడిపించింది, ఒళ్ళు తుడిచింది, చీర మార్చింది. అయ్యాక నివేదిక రాయడానికి కూర్చుని పెన్ను కొరుకుతూ చాలాసేపు ఆలోచించింది. చివరికి 'పరిశీలనాంశం ఈ రోజు మంచం దిగింది' అని రాసింది. అబద్ధమా? ఒక్క అక్షరం కూడా కాదు! ఎవరు దింపారో రాయలేదంతే.

అలా రోజులు గడిచాయి. పరిశీలనాంశం కిటికీ దాకా నడిచింది. పరిశీలనాంశం వేళకు మందులు వేసుకుంది. పరిశీలనాంశం స్నానం చేసింది, తల దువ్వుకుంది, ఉప్పు తక్కువైందని కంచం పక్కకు నెట్టింది. ఈ చివరిదొక్కటే ఆవిడ ఎవరి సాయమూ లేకుండా చేసిన పని. రాత్రుళ్ళు సరిగా నిద్రలేక పరిశీలకురాలి కళ్ళ కింద నల్లటి చారలు పడ్డాయి. నడుం పట్టేసి, కూర్చుంటే లేవడానికి ఆవిడే గోడ పట్టుకుంటోంది. పరిశీలకుల సంగతి రాయమని ఎవరూ అడగలేదు గనక అది నివేదికలో చేరలేదు.

నెల తిరక్కుండానే డైరెక్టరుగారి ఫోన్ వచ్చింది. గొంతులో పట్టలేని సంతోషం.

"అమ్మా, మీ నివేదికలు మంత్రిగారి దాకా వెళ్ళాయి! ఆయన పొంగిపోయారనుకోండి. ఇన్ని దేశాలు ఇంతింత ఖర్చు పెట్టి చేస్తున్న పని మన దగ్గర ఏ సాయమూ లేకుండానే జరిగిపోతోంది! తుంటి విరిగిన ముసలావిడ తనంతట తను లేచి తిరగడం ఏ దేశంలో ఉంది? ఇలాంటి కుటుంబాలకు సాయం అవసరమే లేదని తేలిపోయింది. ఆ నియమాలు రాసే ఆలోచన కూడా మానేశారు. క దేశం, గ దేశం వాళ్ళు మనల్ని చూసి నేర్చుకోవడానికి వస్తున్నారట. సోమవారం నుంచి ఆఫీసుకు వచ్చేయండి, ప్రెజెంటేషన్ తయారుచేయాలి."

కోడలు మధ్యలోనే అడ్డుపడింది. "సార్, ఆవిడ తనంతట తను లేవలేదండి. రోజూ నేనే లేపాను. ఇప్పటికీ ఒంటరిగా లేవలేరు."

"ఆ ముక్క నేను వినలేదమ్మా. వింటే మీరు షరతు మీరినట్టు లెక్క. అందుకని వినలేదు. సోమవారం రండి."

సోమవారం పొద్దున్న నేను పేపరు తీసుకుందామని తలుపు తీసేసరికి కోడలు బ్యాగు భుజాన వేసుకుని వాళ్ళ గుమ్మంలో నిలబడి ఉంది. బయటికి రాదు, లోపలికీ పోదు. లోపలి నుంచి అత్తగారు కేకలేస్తున్నారు. "పోవే, ఉద్యోగం పోతే ఇద్దరం ఏం తింటాం? నేను కదలనులే. సాయంత్రం దాకా ఇలాగే పడుంటాను. నీళ్ళు కూడా తాగను, అప్పుడు లేవక్కర్లేదుగా!"

ఆవిడ మంచినీళ్ళు మానేస్తానన్నది బెదిరించడానికి కాదు. నిజంగానే అన్నారు. పోలికల గురించి ఇంతసేపు ఇన్ని కబుర్లు చెప్పాను గానీ, ఆ క్షణంలో ఏ దేశమూ గుర్తుకు రాలేదు.

"నువ్వు వెళ్ళమ్మా, నేను చూసుకుంటాను" అన్నాను. కింద నుంచి వాచ్‌మన్‌ని పిలిచాను. అతనొక చంక, నేనొక చంక పట్టుకుని ఆవిణ్ణి లేపాం. "నెమ్మదిగా, నెమ్మదిగా! ఏం మగాళ్ళర్రా, మనిషిని పట్టుకోవడం కూడా రాదు!" అని తిడుతూనే ఆవిడ నడిచారు. మధ్యాహ్నం పైవాటా టైలరమ్మ వచ్చి కూర్చుంది. ఇప్పుడు వంతులు వేసుకున్నాం.

పాఠకులారా, ఒక్క మనవి. మేం చేస్తున్న ఈ పని గురించి పొరపాటున కూడా పైకి పొక్కనివ్వకండి. పోలికల విభాగంవారికి తెలిసిందంటే, ఇరుగుపొరుగున్న కుటుంబాలకు కూడా సాయం అక్కర్లేదని ఇంకో చార్టు వేస్తారు. దాన్ని గీయాల్సింది మళ్ళీ ఆ కోడలే.